మాసిక ఎవరింటికి

జూలై 9, మంగళవారం

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. బావగారినీ పిల్లలనీ అడిగానని చెప్పు. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. నిజంగా క్షేమమో కాదో ఈ ఉత్తరం చదివి నువ్వే చెప్పాలి. ఫోను చెయ్యొచ్చుగా, ఈ కాలంలో ఉత్తరాలేమిటని విసుక్కుంటావని తెలుసు. మాకున్నది ఒక్క గది. నేను ఫోనులో ఎంత గుసగుసలాడినా మా పిల్ల పిచ్చుక చెవులు రిక్కించి వింటుంది. చెప్పాల్సింది దాని గురించే. అందుకని భోజనాల వేళ లాండ్రీ వెనక బట్టల బుట్ట మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఆ తప్పు బుట్టది.

పిచ్చుక చేతులు కడుక్కుంటోందక్కా. నవ్వకు. బడి నుంచి రాగానే భుజాన సంచీ కూడా దించకుండా కుళాయి దగ్గరికి పోతుంది. సబ్బు రుద్ది, కడిగి, వాసన చూసుకుని మళ్ళీ రుద్దుతుంది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రబడింది. జడ విప్పుతానంటే స్నానం అయ్యేదాకా ముట్టుకోవద్దంటుంది. నాన్న గుమ్మంలో అడుగు పెట్టగానే మెడకి వేలాడే పిల్ల, ఇప్పుడు గోడకి అంటుకుని నిలబడుతోంది. ఇంకో వింత ఏమిటంటే, కొన్ని రోజులు ఇవేవీ ఉండవు. ఎగురుకుంటూ వచ్చి, చెవులు చిల్లులు పడేలా వాగి, నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది. హమ్మయ్య అనుకుంటానా, మర్నాడు మళ్ళీ కుళాయే.

మీ మరిదికి చెప్పాను. పిల్ల శుభ్రం నేర్చుకుంటే సంతోషించక ఏడుస్తావేమిటి అన్నాడు. నీకు ఏడవడానికి కారణం దొరక్కపోతే పక్క వీధి నుంచి అరువు తెచ్చుకుంటావని కూడా అన్నాడు. బస్సుల షెడ్డులో పని చేసి గోళ్ళనిండా గ్రీజుతో అన్నానికి కూర్చునే మనిషికి శుభ్రం గురించి అంతకంటే ఏం తెలుస్తుంది? నాకు మాత్రం రకరకాల ఆలోచనలు. ఏదైనా జబ్బా? మనసులో ఏదైనా భయమా? లేక ఎవరైనా దాన్ని ముట్టుకోకూడని విధంగా ముట్టుకున్నారా? అడిగితే ఏం లేదంటుంది. నోరు మూస్తే ఊపిరాడని పిల్ల ఏం లేదు అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంటే ఏదో ఉందనే అర్థం కదా. నువ్వు పిల్లల వార్డులో నర్సువి. ఇలాంటివి చూసే ఉంటావు. ఎలా అడగాలో రాయి.

ఇక ఆసుపత్రి బట్టలు ఉతికే మా లాండ్రీ కబురు. పోయిన నెల నాకు కొత్త ఎదురామె వచ్చింది. రోలరులోంచి వేడివేడిగా దిగిన దుప్పటిని ఒక్కరే మడవలేరు. చెరో రెండు కొసలూ పట్టుకుని, గట్టిగా ఒక్క దులుపు దులిపి, నిలువుగా మడిచి, ఒకరికొకరు ఎదురు నడవాలి. నా కొసలు ఆమె చేతిలో పెట్టి, కింద వేలాడే మడతని నేను అందుకోవాలి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఇదే నడక. ఎదుట నిలబడే మనిషికి మా దగ్గర పేరుతో పనిలేదు, ఎదురామె అంటే సరిపోతుంది. పాతావిడ దులిపేటప్పుడు కూడా బలం దాచుకునే రకం. ఈమె అలా కాదు. మేమిద్దరం మడిస్తే మేస్త్రి కూడా వంక పెట్టలేకపోతున్నాడు.

ఈమెకి భర్త లేడు. పోయాడో, వదిలేసి పోయాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బాయిలరు గోడని ఆనుకున్న రేకుల గదిలో ఉంటోంది. ఒక్కతే కూతురు, మన పిచ్చుక తరగతే. ఆ పిల్లకి బొల్లి. కళ్ళ చుట్టూ, మూతి పక్కన, వేళ్ళ మీద తెల్లమచ్చలు. బడి గౌను ఎవరో పెద్దపిల్లది, పిక్కల దాకా వేలాడుతుంది, దానికి రెండుచోట్ల మాసికలు. పుస్తకాల సంచీ చిరిగిన ఆసుపత్రి దుప్పటితో కుట్టింది, అంచున నీలం చార అలాగే ఉంది. వెంటనే బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడి, ఆ పిల్లని పిచ్చుక పక్కన, ఒకే బెంచీ మీద కూర్చోబెట్టించాను. నీకు స్నేహితురాలిని తెచ్చానే అంటే పిచ్చుక సరే అంది. ఎదురామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా మంచితనానికి నేనే రెండు రోజులు మురిసిపోయాను.

అన్నట్టు, ఆ మచ్చలు అంటుకునేవి కావు కదా? కావని నాకూ తెలుసు. అయినా నువ్వొక ముక్క రాస్తే ధైర్యంగా ఉంటుంది.

నీ చెల్లెలు


జూలై 24, బుధవారం

అక్కకు,

నీ ఉత్తరమూ, చేతులకి రాయమని పంపిన మందూ అందాయి. మచ్చలు అంటవని నువ్వు రాసిన తీరు చూస్తే ఎదురుగా ఉంటే నెత్తిన మొట్టికాయ వేసేదానివే అనిపించింది. వేయించుకోవలసిందే. ఏమైందని అడక్కు, ఎవరితో ఆడుకుంటున్నావని అడుగు అని రాశావు కదా, అలాగే అడిగాను. అందరితో అంది. అంతే.

కారణం తెలిసిందక్కా. తెలియకుండా ఉంటే బాగుండేదని కూడా అనిపించింది.

పక్కింటి బుడతది ఉంది చూడు, ఒకటో తరగతి, నోట్లో నువ్వుగింజ నానదు దానికి. మొన్న సాయంత్రం వాళ్ళమ్మ ఏదో అడిగి రమ్మంటే వచ్చి గుమ్మం బయటే ఆగిపోయింది. లోపలికి రావే అంటే రాదు. బిస్కట్టు ఇస్తానంటే మెట్టు మీద పెట్టమంది. నా చేతిలోంచి తీసుకోదట. ఎందుకే అంటే, ఏమీ ఎరగని మొహంతో చెప్పింది.

"ఇవాళ మాసిక మీ ఇంటికొచ్చిందిగా ఆంటీ."

మెల్లగా కూర్చోబెట్టి, అంటే మెట్టుకి ఆ చివర కూర్చోబెట్టి, అంతా రాబట్టాను. మాసిక అంటే ఎదురామె కూతురు. గౌనుకీ మాసికే, ఒంటికీ మాసికే అని ఆ పేరు. అదొక ఆటట. ఆ పిల్లనిగానీ ఆ పిల్ల వస్తువులనిగానీ ముట్టుకున్నవాళ్ళకి మాసిక అంటుకుంటుంది. వాళ్ళు ఇంకొకరిని ముట్టుకుని వదిలించుకోవాలి. ఆ ఇంకొకరు మరొకరిని. పొద్దున మొదలైతే సాయంత్రం ఇంటి గంట కొట్టేదాకా తరగతి అంతా తిరుగుతుంది. గంట కొట్టేసరికి ఎవరి దగ్గరుంటే వాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళాలి. మర్నాటిదాకా వాళ్ళని ఎవరూ తాకరు. ఇంట్లో వాళ్ళకి కూడా అంటుతుందని చెప్పుకుంటారు. సబ్బుతో ఎన్నిసార్లు కడిగితే అంత తగ్గుతుందట. సాయంత్రం వీధిలో పిల్లలు ఒకరినొకరు అడిగే మొదటి మాట ఈ రోజు మాసిక ఎవరింటికి అనేనట. బుడతది ఇదంతా తొక్కుడుబిళ్ళ ఆట నియమాలు చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

ఆ పిల్ల పక్కన కూర్చునేది మన పిచ్చుక. మోచెయ్యి తగిలినా, రబ్బరు దొర్లి ఇటు వచ్చినా మొదట అంటేది దీనికే. వదిలించుకోలేకపోయిన రోజున కుళాయి దగ్గర ఆ రుద్దుడు. వదిలించుకున్న రోజున ఎగురుకుంటూ రావడం. నాకు అంతా అప్పుడు అర్థమైంది.

పిచ్చుకని అడిగాను. కొట్టబోయాను కూడా, నీ దగ్గర దాచడమెందుకు. అది ఏడవలేదు. నావైపు చూసి ఒక్క మాటే అంది.

"నువ్వేగా నా పక్కన కూచోబెట్టింది."

అందరూ ఆడుతుంటే ఆడనన్నవాళ్ళకే అంటగడతారట. బెంచీ మీద మధ్యలో సుద్దముక్కతో గీత గీసుకున్నారట, ఆ పిల్ల ఆ గీత దాటదట. ఆ పిల్ల ఏమంటుందే అని అడిగాను. సంచీ ఒళ్ళో పెట్టుకుని చివరికి జరిగి కూర్చుంటుంది అంది.

ఇప్పుడు నా అవస్థ విను. పొద్దున్నే లాండ్రీకి వెళ్ళాలి, ఆ తల్లికి ఎదురు నిలబడాలి. దుప్పటి మడిచిన ప్రతిసారీ ఆమె చేతిలో చెయ్యి పెట్టాలి. నిన్న ఆమె, మీ పిల్ల ఉండబట్టే నా పిల్ల బడికి వెళ్తోందమ్మా, సాయంత్రం వస్తే మీ పిచ్చుక కబుర్లే చెబుతుంది అంది. మిగిలిన పిల్లలు ఎలా ఉంటారో ఏమో అని ఆమె మామూలుగానే అంటే, గుమ్మడికాయల దొంగ అన్నట్టు నేను భుజాలు తడుముకున్నాను. చేతిలో కొసలు జారిపోయి దుప్పటి నేల మీద పడింది. తిరిగి ఉతక్కి వేయాల్సి వచ్చింది. మేస్త్రి అందరి ముందూ నన్ను చీవాట్లు పెడితే, ఆమె తప్పు తనదేనని చెప్పింది.

చెప్పేయాలా అక్కా? చెప్పి కాళ్ళు పట్టుకోవాలా? చెబితే ఆ పిల్ల బడి మానేస్తుందేమో. చెప్పకపోతే రోజూ ఈ చేతులతో ఆమె చేతులు ఎలా పట్టుకోను? రెండు రోజులు ఆలోచించి, ఇవాళ సెలవు అడిగి హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్ళాను. మంచావిడ. అంతా విని నిట్టూర్చి, ఇలాంటివి మొగ్గలోనే తుంచాలి, సోమవారం ప్రార్థన వేళ బడి మొత్తానికీ నేనే చెబుతాను అన్నారు. వస్తుంటే కాళ్ళు తేలికయ్యాయి. చదువుకున్నావిడ, పిల్లలతో పండిపోయినావిడ, నాకంటే బాగా చేస్తుంది కదా.

అయినా సోమవారం దాకా నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు.

నీ చెల్లెలు


ఆగస్టు 8, గురువారం

అక్కకు,

నమస్కారాలూ కుశలాలూ ఈసారి నువ్వే రాసుకో, నాకు చేతకావడం లేదు.

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చింది నేనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో పిల్లని దారిలో పెట్టుకోకుండా రచ్చకెక్కాను.

ఆ సోమవారం జరిగిందంతా పిచ్చుక టీచరు చెప్పింది. హెడ్మిస్ట్రెస్ గారు ఎదురామె కూతుర్ని పిలిచి వేదిక మీద నిలబెట్టారట. ఆ పిల్ల చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఈ మచ్చలు అంటువ్యాధి కాదు, చూడండి, నేను పట్టుకున్నాను అని మైకులో చెప్పారట. అక్కడితో ఆగినా బాగుండేది. తరగతి తర్వాత తరగతి, బడి మొత్తం వరసకట్టి వచ్చి ఆ పిల్లతో చెయ్యి కలపాలన్నారు. ఆవిడ మనసు మంచిదే. ఆ పిల్ల ఆ పెద్ద గౌనులో నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చాచింది. ఒకరిద్దరు చిన్నపిల్లలు ఏడ్చారట. పెద్దపిల్లలు నవ్వు ఆపుకుంటూ వేళ్ళ కొసలు తగిలించి పోయారట. అంతా అయ్యాక ఆ వరస తరగతులకి పోలేదు. తిన్నగా కుళాయిల దగ్గరికి పోయింది. మధ్యాహ్నానికల్లా బడి ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. అంతవరకూ ఒక్క తరగతిలో ఉన్న ఆట ఇప్పుడు అన్ని తరగతుల్లోనూ ఉంది.

పిచ్చుక వంతు ఎప్పుడొచ్చింది, అది ఏం చేసింది అని అడిగాను. నేనూ చెయ్యి కలిపానమ్మా అంది. తర్వాత కడుక్కున్నావా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రావడం లేదు. ఎదురామె నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండును. మేస్త్రి దగ్గరికి వెళ్ళి, నన్ను మడతల నుంచి తీసి మురికి బట్టల వైపు వెయ్యండి అని అడిగిందట. ఆసుపత్రి నుంచి వచ్చిన బట్టలు వేరు చేసే చోటది. నెత్తురూ చీమూ అన్నీ వాటిలోనే వస్తాయి. మా లాండ్రీలో అక్కడికి శిక్ష వేసి పంపుతారు గానీ ఎవరూ అడిగి వెళ్ళరు. మేస్త్రి కూడా నమ్మలేక రెండుసార్లు అడిగాడట. ఇప్పుడు నా ఎదుట ఎవరో కొత్త అమ్మాయి. కొసలు అందించమంటే మొహం చూస్తుంది.

అసలు భయం అది కాదక్కా. ఎదురామె కూతుర్ని వెంట తెస్తోంది. ఆ పిల్ల గోడవార కూర్చుని, ఉతికిన దిండు గలీబులకి ఏ వార్డువో తెలిసేలా గుర్తుగుడ్డలు కడుతోంది. మేస్త్రి చూసీ చూడనట్టు పోతున్నాడు. చురుకైన చేతులు, మరో ఏడాదికి రోలరు దగ్గర నిలబెట్టొచ్చు అని ఎవరితోనో అనడం నా చెవిన పడింది. నెలాఖరు లోపల రాకపోతే పేరు కొట్టేస్తామని బడి నుంచి కబురొచ్చిందట. చదివి ఎవరిని ఉద్ధరించాలి, నా కళ్ళ ముందుంటే అదే చాలు అని ఎదురామె పక్కవాళ్ళతో అందట. పదేళ్ళు నిండని పిల్ల. మన పిచ్చుక వయసు.

ఒకసారి లాండ్రీ పెరట్లో ఆ పిల్ల నాకు ఎదురుపడింది. బాగున్నావా అన్నాను. బాగున్నానండీ అని, తను పక్కకి తప్పుకుని నాకు దారి ఇచ్చింది. గోడకి వీపు ఆనించి, నా చీర చెంగు తగలకుండా. ఆ పిల్లకి అది అలవాటైపోయింది. నేను పనిలోకి వెళ్ళి ఏం మడిచానో, ఎలా మడిచానో నాకు తెలియదు.

మీ మరిది, అడుసు తొక్కనేల కాలు కడగనేల, ఇంకా వాళ్ళ జోలికి పోకు అంటున్నాడు. అంటాడు. అతనికి ఆ పిల్ల గుర్తుగుడ్డలు కట్టడం కనబడదు. నేను వాళ్ళ గదికి వెళ్ళాలి. పిచ్చుకని తీసుకెళ్ళి ఉన్నదంతా చెప్పేయాలి. ఆమె మొహం మీద తలుపేస్తే? పిచ్చుక ముందు నన్ను దులిపేస్తే? పోనీ, దులిపినా ఫరవాలేదు. ఆ పిల్ల పేరు కొట్టేయకముందే వెళ్ళాలి. వెళ్ళమంటావా వద్దంటావా అని అడుగుతున్నాను గానీ నీ జవాబు వచ్చేలోపే వెళ్ళిపోతానని నాకూ తెలుసు, నీకూ తెలుసు.

నీ చెల్లెలు


సెప్టెంబర్ 1, ఆదివారం

అక్కకు,

చెల్లెలు చేయెత్తి మొక్కి రాస్తున్నది. ఈసారి మాత్రం అందరం క్షేమమని ధైర్యంగా రాస్తున్నాను. ఇవాళ బుట్ట మీద కాదు, ఇంట్లోనే మంచం మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. పిచ్చుక పక్కనే లెక్కలు చేసుకుంటోంది. దాని దగ్గర దాచాల్సింది ఇక ఏమీ లేదు.

వెళ్ళానక్కా. పిచ్చుక చెయ్యి పట్టుకుని ఆ రేకుల గది ముందు నిలబడ్డాను. బాయిలరు గోడ పక్కన కదా, లోపల ఉడికిపోతోంది. ఎదురామె తలుపు వేయలేదు, రమ్మనీ అనలేదు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నదంతా కక్కేశాను. బెంచీ మాట, ఆట మాట, హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది నేనేనన్న మాట. చెప్పడం అయ్యాక క్షమించమని కూడా అడగలేకపోయాను. ఆమె గిన్నె తోముతూనే ఉంది. తోమడం ముగించి, బోర్లించి, అప్పుడు అంది.

"నాకు మొదటి వారమే తెలుసమ్మా. నీతో గొడవ పెట్టుకుంటే దుప్పటికి రెండో పక్క ఎవరు పట్టుకుంటారు? పొగిడితేనన్నా మీ పిల్లకి ఓ మాట చెబుతావనుకున్నా."

అక్కా, ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. రోజూ నాకు ఎదురు నడిచి వచ్చి, నా కళ్ళలోకి చూసి, మీ పిల్ల మంచిదమ్మా అని చెప్పిందే, అది మెచ్చుకోలు కాదు. అడుక్కోవడం. నాకు అర్థం కాలేదు. నేను దాన్ని మెచ్చుకోలనుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

పిల్లని బడికి పంపమని బతిమాలాను. పంపనంది. బడిలో వేదిక ఎక్కించి ఊరేగించింది చాలదా అంది. ఇంతలో చూస్తే పిచ్చుక నా పక్కన లేదు. గది వెనక మెట్ల మీద ఆ పిల్లతో కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం. చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో దారి పొడుగునా అడిగాను, చెప్పలేదు. ఆ పిల్ల మాత్రం లోపలికి వచ్చి, సోమవారం బడికి వెళ్తానమ్మా అంది. వాళ్ళమ్మ ఎందుకే అంటే, వెళ్తాను, అంతే అంది. నేను అంతసేపు బతిమాలినందుకు పిల్ల మనసు కరిగిందనుకుంటాను.

పేరు కొట్టేయకముందే చేరింది. రెండు వారాలుగా ఒక్క రోజు కూడా మానలేదు. ఎదురామె మాత్రం మడతల వైపు తిరిగి రాలేదు. మేస్త్రి అడిగినా, ఇక్కడే బాగుందని చెప్పిందట. కనిపిస్తే పలకరిస్తుంది, నేను బాగున్నావా అంటే బాగున్నానంటుంది. అంతకంటే ఎక్కువ ఆశించే హక్కు నాకు లేదు.

ఇక మన పిచ్చుక సంగతి చెబితే నువ్వు నమ్మవు. కుళాయి దగ్గరికి పోవడం పూర్తిగా మానేసింది. నువ్వు పంపిన మందుతో చేతులు నున్నగా అయ్యాయి. పెద్దమనిషి తరహా వచ్చేసిందక్కా. మునుపటిలా వీధిలో పడి ఎగరడం లేదు. బడి నుంచి తిన్నగా ఇంటికొచ్చి పుస్తకాలు తీస్తోంది. మొన్న పక్క వీధి పిల్ల పుట్టినరోజుకి అందరూ వెళ్తే ఇది నాకు ఆసక్తి లేదంది. వాగుడు కూడా తగ్గింది. మీ మరిది, పోనీలే, ఇంట్లో కాస్త రేడియో వినబడుతోంది అని నవ్వుతున్నాడు. పరధ్యానం ఒక్కటే పోలేదు. పెన్సిళ్ళన్నీ పారేసుకుంది. కొత్త చెప్పులు ఎక్కడో వదిలేసి ఒకరోజు ఉత్త కాళ్ళతో వచ్చింది. జడకి కట్టిన రిబ్బను రోజూ జేబులో పెట్టుకుని తెస్తుంది, ఊడిపోయిందట. రెండు తగిలించాను. ఏమీ అనలేదు. ఒకప్పుడైతే ఇల్లు పీకి పందిరేసేది.

పొద్దున బడికి బయల్దేరే ముందు మాత్రం గుమ్మంలో కాసేపు నిలబడుతుంది. ఏమే అంటే, ఏం లేదు, వెళ్తున్నా అంటుంది. నాకు తెలిసి అది బుద్ధి రావడమే. ఆడపిల్లలు ఉన్నట్టుండి ఎదుగుతారని అమ్మ అనేది కదా. ఇన్నాళ్ళూ నీకు నా గోల రాసి రాసి నీ నిద్ర కూడా చెడగొట్టాను. ఇక నిశ్చింతగా ఉండు. నేను కూడా ఉండటం నేర్చుకుంటాను.

బట్టలు తడిపి ఉన్నాయి, లేవాలి. కవరు అతికించి వీధి చివర పోస్టు డబ్బాలో వెయ్యమని పిచ్చుకకి ఇస్తున్నాను. బావగారికి నమస్కారాలు.

నీ చెల్లెలు


తా.క.

పెద్దమ్మా, ఇది నేను, పిచ్చుకని. అతికించే ముందు చదివాను. అమ్మ రాసింది నిజం కాదు. అమ్మ అబద్ధం చెప్పలేదు, అమ్మకి తెలీదు.

మాసిక అని పేరు పెట్టింది నేనే. నా పక్కన కూర్చోబెట్టిన రోజు అందరూ నన్ను చూసి నవ్వుతుంటే నేను ఆ పేరు పెట్టాను, అప్పుడు నన్ను వదిలేసి తనని చూసి నవ్వారు. బెంచీ మీద గీత కూడా నేనే గీశాను. మెట్ల మీద కూర్చున్నప్పుడు తనకి చెప్పేశాను. తను ఏడవలేదు. తర్వాత, ఈసారి నీకు అంటితే ఎవరికీ ఇవ్వకుండా నీ దగ్గరే ఉంచుకుంటావా, ఉంచుకుంటే బడికి వస్తాను అంది. సరే అన్నాను.

సోమవారం అందరి ముందూ తన చెయ్యి పట్టుకున్నాను. ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు రోజూ నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఆట మారింది, ఇప్పుడు ఇద్దరం మాసికలం. చెప్పులు నేను పారేసుకోలేదు, ట్యాంకులో వేశారు. పెన్సిళ్ళు విరిచేశారు. రిబ్బను లాగింది పుట్టినరోజు పిల్ల. తను పక్కనుంటే ఫరవాలేదు గానీ నీళ్ళ కోసం ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు భయమేస్తుంది. నేను మానేస్తే తను మానేస్తుంది, అందుకని మానను.

అమ్మకి చెప్పకు. చెబితే మళ్ళీ హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్తుంది. నువ్వే ఒకసారి రాకూడదా పెద్దమ్మా? రేపు సోమవారం.